చేర్యాల పటము, కంప్యూటరు తెర

చేర్యాల పటమును మన శ్రోతలలో పలువురు చూచియే ఉందురు. ఎర్రని నేలపై నీలము, పసుపు, తెలుపు రంగుల బొమ్మలు, చుట్టును పూలతీగె అంచు. నేడది అద్దపు చట్రములో ఇమిడి గోడకు వ్రేలాడుచున్నది. కాని అది గోడ కొరకు పుట్టినది కాదు, పనిముట్టుగా పుట్టినది. రైతునకు నాగలి ఎట్టిదో, నేతగానికి మగ్గము ఎట్టిదో, కథకునకు పటము అట్టిది.

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది కంప్యూటరు తెరల చరిత్ర. అయినను చేర్యాలనుండి మొదలిడుటకు కారణము కలదు. తెరను ఎవరి కొరకు గీయవలెను, ఎప్పుడు గీయవలెను అను రెండు ప్రశ్నలకు ఆ ఊరి నకాషీలు తమ వృత్తిలో ఏనాడో సమాధానము చెప్పుకొనిరి. కంప్యూటరు విద్వాంసులు ఆ సమాధానమునకే చేరుటకు దశాబ్దములు పట్టినది. ఈ రెండింటికి చుట్టరికము లేదు. ఒకరిని చూచి ఒకరు నేర్చుకొనలేదు. పోలిక మాత్రమే కలదు. ఆ పోలిక మనకు దారిదీపముగా పనికివచ్చును.

చేర్యాల మొదట వరంగల్లు జిల్లాలోనిది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరినది. అచటి నకాషీలు పటములు వ్రాసినది ఊరూర తిరిగి కులపురాణములు చెప్పుకొను కథకుల కొరకు. ముదిరాజుల యెదుట పాండవుల కథ చెప్పు కాకిపడగలవారు, పద్మశాలీల యెదుట మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు, మాదిగల యెదుట జాంబవ పురాణము చెప్పు డక్కలివారు, వీరందరును పటము కట్టి కథ చెప్పువారే. ఒక్కొక్క కథకు ఒక్కొక్క పటము. మూడడుగుల వెడల్పు, ముప్పది నలుబది అడుగుల నిడివి. దానిని పైనుండి క్రిందికి విప్పుచు, ఒక్కొక్క గడిలోని ఘట్టమును చూపుచు, రాత్రులు కథ నడపుదురు.

పటము తయారగు విధమును గమనింపుడు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పలుమార్లు పూసి ఆరబెట్టుదురు. గుడ్డ చుట్టినను విప్పినను రంగు పెళ్ళలూడకుండుటకై ఈ శ్రమ. పిమ్మట కుంచెతో బొమ్మల రూపురేఖలు నేరుగా గుడ్డమీదనే గీయుదురు. నేలకు ఎర్రరంగు నింపి, దేహములకును వస్త్రములకును రంగులిడి, తుదకు నల్లని గీతతో రూపములను తేర్చుదురు. ఇందు ప్రతి పనికిని వాడువాని అవసరమే కారణము. దూరమున కూర్చున్నవారికి దీపపు వెలుగున కానవచ్చుటకు ఆ ఎర్రని నేల ఎంతయో తోడ్పడును. కృష్ణుడు ఏ గడిలో కనిపించినను నీలవర్ణుడే. మాట వినకముందే చూపరి ఆయనను గుర్తుపట్టవలెను. గడుల వరుస చిత్రకారుని చిత్తము వచ్చినట్లు ఉండదు. కథకుని నోట కథ నడచు వరుసయే గడుల వరుస. కథ తెలియనివాడు కుంచె పట్టినచో బొమ్మలు అందముగా ఉండవచ్చును గాని పటము కథకునకు కొరగాదు.

ఇక కంప్యూటరు వైపు మరలుదము. 1950వ దశాబ్దమున కంప్యూటరునకు చెప్పుకొనదగిన ముఖమే లేదు. లెక్క చేయించుకొనదలచినవాడు కార్డులకు చిల్లులు పొడిపించి కిటికీ వద్ద ఇచ్చిపోవును. జవాబు అచ్చైన కాగితమును కొన్ని గంటలకో మరునాటికో తీసికొనును. యంత్రమునకును మనుష్యునకును నడుమ ఒక గుమాస్తా, ఒక గోడ. మనము యంత్రముతో వ్యవహరించు ఆ నడిమి తావునకే ఇంగ్లీషువారు ఇంటర్‌ఫేసు అని పేరిడిరి. ఆ తావు గోడగా ఉన్నంతకాలము దానిని తీర్చిదిద్దవలెనను ఆలోచన అంతగా పుట్టలేదు.

ఆ గోడలో కిటికీ తెరచినవారిలో మొదటి వరుసలోనివాడు ఐవాన్ సదర్లాండ్. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థిగా ఆయన 1963లో సమర్పించిన సిద్ధాంత గ్రంథమునకు విషయము స్కెచ్‌పాడ్ అను కార్యక్రమము. అందు వెలుగు కలముతో తెరమీద తాకి గీతలు గీయవచ్చును. దానికంటె విశేషమైనది ఒకటి ఆయన చేసెను. ఒక మూలరూపమును ఒకమారు గీసి, దాని ప్రతులను కావలసినన్ని చోట్ల నిలుపవచ్చును. మూలరూపమును మార్చినచో ప్రతులన్నియు తమంత మారును. మన నకాషీ మనసులో భీముని రూపమొకటి స్థిరముగా ఉన్నది. గడిగడికి భీముడు ఆ రూపముననుండియే వెలువడును. అయితే నకాషీ ఆ రూపమును మార్చదలచినచో గడులన్నిటిని మరల వ్రాయవలసినదే. సదర్లాండ్ యంత్రమున ఆ శ్రమ తప్పినది.

నాలుగేండ్లకు, 1967లో, నార్వే రాజధాని ఆస్లోలో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె యోహాన్ డాల్ అను ఇరువురు సిములా 67 అను కంప్యూటరు భాషను వెలయించిరి. లోకములోని వ్యవహారములను యంత్రములో అనుకరించి చూచుట వారి ఉద్దేశము. అందుకై కార్యక్రమమును ఆజ్ఞల చిట్టాగా గాక, ఎవరి గుణములు, ఎవరి పనులు వారికే ఉన్న వస్తువుల సమూహముగా కూర్చిరి. దీనినే ఆబ్జెక్టు పద్ధతి అందుము. కథలోని పాత్రలవలె ప్రతి ఆబ్జెక్టును తనకు తెలిసినది తెలిసి, తాను చేయవలసినది చేయుచు, ఇతరులతో మాటలు జరుపును.

ఈ రెండు పాయలు కలిసిన చోటు అమెరికా పడమటి తీరమున ఉన్న పాలో ఆల్టో. అచట జిరాక్సు సంస్థ 1970లో పరిశోధనశాల నెలకొల్పినది. అలన్ కే, అడేల్ గోల్డ్‌బెర్గ్, డాన్ ఇంగల్స్ మున్నగువారు స్మాల్‌టాక్ అను ఆబ్జెక్టుల భాషను అచటనే తీర్చిరి. కంప్యూటరును విద్వాంసుని చేతనుండి పిల్లవాని చేతికి దింపవలెనని కే తలచెను. 1972లో ఆయన వ్రాసిన వ్యాసము అన్ని వయసుల పిల్లలకు తగిన సొంత కంప్యూటరును గూర్చినదే. ఆ పరిశోధనశాలవారు బడిపిల్లలను పిలిచి స్మాల్‌టాక్ నేర్పి, వారెచట తికమకపడుచున్నారో చూచి మార్పులు చేసిరి. ఒకదానిపై ఒకటి పరచిన కాగితములవలె కిటికీలు తెరమీద నిలుచుట ఆ కృషిఫలమే. ఆబ్జెక్టుల పద్ధతియు, కంటికి కనబడు తెరయు కవలపిల్లలవలె ఒకే ఇంట పెరిగినవి. ఈ సంగతి తరువాతి కాలమున పలువురు మరచిరి.

1978లో నార్వేనుండి త్రిగ్వే రేన్స్‌కౌగ్ అను విద్వాంసుడు ఆ పరిశోధనశాలకు అతిథిగా వచ్చెను. నౌకానిర్మాణమునకు కావలసిన కార్యక్రమములతో ఆయనకు చిరపరిచయము కలదు. అట్టి నిర్మాణశాలలో పని ఒకటే అయినను చూచువారు పలువురు. అందరికిని ఒకే చూపు సరిపడదు. కనుక 1979లో ఆయన ఒక విభజన సూచించెను. విషయము ఒకటి, దానిని చూపు రూపము వేరొకటి, చూచువాని చేష్టలను అందుకొనునది మరొకటి. మోడల్, వ్యూ, కంట్రోలర్ అని వానికి పేర్లు. మనవారి మాటలో చెప్పవలెనన్నచో, పాండవుల కథ మోడల్, పటము వ్యూ, ఇప్పుడు ఈ గడి, ఇక ఆ గడి అని చూపు కథకుని చేతికర్ర కంట్రోలర్. కథ మారకుండనే పటమును క్రొత్తగా వ్రాయింపవచ్చును. వాడువాని మనసులో ఉన్న రూపమునకును యంత్రములో ఉన్న రూపమునకును వంతెన వేయుటయే ఆయన ఉద్దేశము.

ఆ సంస్థయే 1981లో స్టార్ అను కార్యాలయపు కంప్యూటరును విపణిలో పెట్టినది. తెరమీద కాగితము, కాగితముల సంచి, ఉత్తరముల తట్ట మున్నగువాని చిన్న బొమ్మలు. ముందు వస్తువును చూపవలెను, పిదప కదల్చుమనియో నకలు తీయుమనియో చెప్పవలెను. దీనిని రూపొందించినవారు 1982లో వ్రాసిన వ్యాసమున చెప్పిన సంగతి మన చరిత్రలో ఒక మలుపు. తెర రూపకల్పనకు ఇంచుమించు 30 మంది ఏడాదిపాటు చేయునంతటి శ్రమ వెచ్చించితిమని వారనిరి. యంత్రము నిర్మింపబడకముందే, అది ఏయే పనులు చేయవలెనో పూర్తిగా నిర్ణయము కాకముందే తెర రూపొందినదట. వాడువాని మనసున ఏ భావన ఏర్పడవలెనో అది ముందు, సాఫ్ట్‌వేరు తరువాత. కట్టిన ఇంటికి తుదిని సున్నము కొట్టునట్లు తెరను తుదిని అతికించుట తగదని వారు తేల్చిరి.

స్టార్ వ్యాపారమున నెగ్గలేదను సంగతియు చెప్పకుండరాదు. దాని వెల సామాన్య కార్యాలయములు భరింపలేనిది. ముందుగా గీసినంత మాత్రమున జయము కలుగదు. అయినను 1984లో వచ్చిన మాకింతోషు మొదలు నేటి యంత్రముల వరకు తెరలన్నియు ఆ వంశములోనివే.

ఇంతకును తెరను తుదిని అతికించినచో వచ్చు నష్టమేమి? మా అనుభవమొకటి చెప్పుదుము. కొన్ని ఏండ్ల క్రిందట మేము పనిచేసిన ఒకానొక కేంద్రమున క్యూ షీటును కాగితముమీద వ్రాయుట మాని కంప్యూటరులో పెట్టుటకు ఏర్పాట్లు జరిగినవి. కార్యక్రమమును వ్రాసినవారు సమర్థులే. లోపల లెక్కలు, పట్టికలు చక్కగా అమరినవి. తెరను మాత్రము ప్రారంభమునకు ముందునాడు అనౌన్సర్లకు చూపిరి. అందు అంశములు ఒప్పందపు సంఖ్యల వరుసలో ఉన్నవి! పాట ముగియుచుండగా అనౌన్సరునకు చేతిలో ఉండునవి కొన్ని క్షణములు. తరువాతి అంశమేది, దాని నిడివి ఎంత, ఈ రెండే ఆ క్షణమున కావలెను. వరుస మార్చుడని కోరగా, లోపలి అమరికయంతయు సంఖ్యలను బట్టియే కట్టితిమి, ఇప్పుడు కదల్చుట కష్టమని జవాబు వచ్చినది. వారము తిరుగకముందే అనౌన్సర్లు తరువాతి అంశములను చీటీలపై వ్రాసికొని బల్లమీద పెట్టుకొనిరి. కంప్యూటరు వెలుగుచునే ఉన్నది; పని చీటీయే చేసినది.

దోషము ఎవరి అసమర్థతయు కాదు. మొదటి నాడే ఒక కాగితముమీద నాలుగు గీతలు గీసి అనౌన్సరు ముందు పెట్టి ఉన్నచో, "ప్రసార సమయము" అనునది ఆ కార్యక్రమములో ముఖ్యమైన ఆబ్జెక్టు అని తెలిసి ఉండును. మొదటి చిత్తు గీతలకున్న విలువ ఇదియే. అవి అలంకారము కొరకు కావు. లోపల ఏ వస్తువులుండవలెనో కనుగొనుటకే.

ఈ సత్యమును 1980వ దశాబ్దమున పలుచోట్ల పలువురు ఆచరణలో పెట్టిరి. 1984 లాస్ ఏంజిలస్ ఒలింపిక్ క్రీడలకు ఐ.బి.ఎం. సంస్థవారు ఒక సందేశ వ్యవస్థ నిర్మించిరి. దూరదేశముననున్న తలిదండ్రులు టెలిఫోనులో పలికిన మాటను క్రీడాకారుడు క్రీడాగ్రామములో వినవచ్చును. జాన్ గౌల్డ్, ఆయన సహచరులు మొదట కార్యక్రమము వ్రాయలేదు. వాడువాడు ఏమి చేయును, యంత్రమేమి పలుకును అను సంభాషణలను కాగితముమీద వ్రాసి జనమునకు చూపిరి. తెరల బొమ్మలు అతికించిన డొల్ల స్తంభమొకటి నడవలో నిలిపి, వచ్చిపోవువారి అభిప్రాయములు సేకరించిరి. వాడువారిని మొదటినుండియే ఎరుగుట, వాడుకను కొలిచి చూచుట, చూచి మరల దిద్దుట అను మూడు సూత్రములను గౌల్డ్, క్లేటన్ లూయిస్ 1985లో ప్రకటించిరి.

అదే కాలమున స్కాండినేవియా దేశములలో యుటోపియా అను ప్రయత్నము 1981లో మొదలైనది. వార్తాపత్రికల పుటలు కూర్చు కార్మికుల పనిలోనికి కంప్యూటరు రానున్నది. వారి సంఘము పరిశోధకులతో చేయి కలిపి, మా పనిముట్టు ఎట్లుండవలెనో మేమును చెప్పుదుమన్నది. పరిశోధకులు అట్టపెట్టెలు తెచ్చి ఇది తెర, ఇది అచ్చుయంత్రమని పేర్లు వ్రాసి బల్లలమీద పెట్టిరి. కార్మికులు వానితో పని చేయుచున్నట్లు నటించి చూపిరి. అట్టపెట్టెకు విలువ లేదు గనుక దానిని చింపి మార్చుటకు ఎవరును జంకలేదు. ఇచట పణముగా ఉన్నది తెర అందము కాదు. ఏండ్ల తరబడి గడించిన చేతినేర్పు యంత్రములో నిలుచునా, నశించునా అన్నది.

ఆబ్జెక్టు విద్వాంసులును కాగితమునే ఆశ్రయించిరి. 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ అట్టకార్డుల పద్ధతి తెచ్చిరి. ఒక్కొక్క ఆబ్జెక్టు తరగతికి ఒక్కొక్క కార్డు. పైన పేరు, ఒకవైపు దాని బాధ్యతలు, మరొకవైపు దానికి తోడుపడువారు. కార్డులు చేతబట్టి తామే ఆ ఆబ్జెక్టులైనట్లు ఒకరితో ఒకరు వ్యవహరించి చూతురు. మన వీధిభాగవతములో పాత్రధారులు వేషము కట్టకముందు వరుస చూచుకొనుట వంటిది ఇది. 1992లో స్వీడను దేశస్థుడైన ఐవార్ యాకొబ్‌సన్ తన గ్రంథమున యూజ్ కేసు అను దానిని నిర్మాణమంతటికి వెన్నెముకగా నిలిపెను. యూజ్ కేసు అనగా వాడువాడు ఒక పనిని మొదలిడినది మొదలు ముగించువరకు నడచు కథ. వాడువానికి ఆయన పెట్టిన పేరు యాక్టరు, అనగా పాత్రధారి. ముందు కథలు వ్రాయవలెను, వానితోపాటు తెరల చిత్తు వ్రాసి వాడువారికి చూపవలెను, ఆ కథలనుండి ఆబ్జెక్టులను ఏరుకొనవలెను. కథ వరుసయే గడుల వరుస అను నకాషీ నియమమునకు ఇంతకంటె దగ్గరి మాట లేదు.

1999లో లారీ కాన్‌స్టాంటైన్, లూసీ లాక్‌వుడ్ మరొక అడుగు వేసిరి. మొదటి చిత్తులో బొత్తాములు, రంగులు కూడ వలదనిరి. ఈ ఘట్టమున వాడువానికి ఏమి కావలెనో చిన్న చీటీలపై వ్రాసి పెద్ద కాగితముమీద అతికించి, అటునిటు జరుపుచు చూడుమనిరి. రంగులు దిద్దిన బొమ్మను చూపినచో చూచువాడు రంగును గూర్చి మాటలాడును, లేక మర్యాదకు బాగున్నదనును. మొరటు గీతను చూపినచో "నాకిది కాదు, ఇది కావలెను" అని కలము అందుకొనును.

ఈ చరిత్రకు మన ఊళ్ళలో నేడేమి పని? 2001లో హైదరాబాదున ఈ-సేవ కేంద్రములు మొదలైనవి. 2011లో మీసేవ కేంద్రములు వచ్చినవి. ధ్రువపత్రము కోరి వచ్చిన రైతు బల్లకు ఈవల కూర్చుండును. తెర మాత్రము ఆవలనున్న ఆపరేటరు వైపు తిరిగి ఉండును. తెరను చదువువాడు ఒకడు, దాని ఫలము అనుభవించువాడు వేరొకడు. పేరులో అక్షరము తప్పినచో తెర చూచినవానికి తెలియకపోవచ్చును. తెలియగలవానికి తెర కనబడదు. ఇట్టి చోట యాక్టరు ఎవరు? ఇరువురును. చేర్యాల పటము ఈ చిక్కును ఎరిగినది. దానికిని ఇరువురు ప్రభువులు: కథ నడపు కథకుడు, కథ తమదని వచ్చి కూర్చున్న కులమువారు. అందుకే పటము ఇరువురికిని కనబడునట్లు కట్టబడినది. మొదటి కాగితముమీద గీత గీయు నాడే ఆపరేటరును, రైతును ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినచో, అతనివైపు తిరిగిన చిన్న తెర ఒకటి కావలెనని ఆ రైతే చెప్పును. ఆ మాటకు ఆనాడు ఖర్చు ఒక కాగితము. కేంద్రములన్నియు తెరచిన పిదప ఖర్చు ఎంతయో చెప్పనక్కరలేదు.

చేర్యాలలో నేడు పటము కట్టించుకొను కథకులు అరుదైరి. కథకుడు తగ్గగా పటము కురుచయైనది. ముప్పది అడుగుల కథ ఒక్క గడియై చట్రములో చేరినది. నకాషీలు మారిన వాడుకను ఎరిగి ముఖపు బొమ్మలు, గోడపటములు చేసి వృత్తిని నిలుపుకొనుచున్నారు. చేతిపని అదే, చింతగింజల అంబలి అదే; మారినది వాడువాడు. వాడువాడు మారగా రూపము మారుట న్యాయమే. వాడువానిని అడుగకయే రూపము నిర్ణయించుట మాత్రము న్యాయము కాదు. మా బల్లమీది చీటీ ఆ సంగతినే మాకు నేర్పినది. శ్రోతలలో ఎవరికైనను తమ కార్యాలయమునకో, సహకార సంఘమునకో కంప్యూటరు తెరను చేయించు సందర్భము వచ్చినచో, మొదటి దినముననే ఒక తెల్లకాగితము, ఒక పెన్సిలు, దానిముందు రోజంతయు కూర్చుండవలసిన మనిషి, ఈ మూడింటిని ఒక చోట చేర్చుడు. యంత్రమును గూర్చిన మాట ఆ తరువాత ఎత్తవచ్చును.